మౌజ్‌లో గింజలు ఎందుకుండవు?

హైదరాబాద్‌లో మన ఇళ్లలో అరటిపండును మౌజ్ అంటారు. అది అరబీ మాట. శాస్త్రవేత్తలు అరటి జాతికి పెట్టిన 'మూసా' అనే పేరు కూడా దాన్నుంచే వచ్చిందని చాలామంది చెప్తారు. ఇంకో సంగతి, అరటి చెట్టు అసలు చెట్టే కాదు. కాండంలా కనిపించేదంతా ఒకదానిపై ఒకటి చుట్టుకున్న ఆకుల డొప్పలే.

పండును అడ్డంగా కోసి చూడండి. మధ్యలో సన్నని నల్ల చుక్కలుంటాయి. ఎదగని గింజలవి, నాటినా మొలవవు. అందుకే రైతులు పిలకలు తీసి నాటుతుంటారు. అంటే ఒక రకంలోని మొక్కలన్నీ దాదాపు జిరాక్స్ కాపీలే. రుచి మారదు, బాగానే ఉంది. కానీ ఒక మొక్కను చంపే తెగులు అన్నింటినీ చంపగలదు. కామర్స్ చదివిన నాకు ఇది పైసలన్నీ ఒకే షేర్‌లో పెట్టినట్టు అనిపిస్తుంది.

ఒకసారి అలాగే మునిగింది కూడా. 1950ల దాకా అమెరికా ఎక్కువగా తిన్నది గ్రో మిషెల్ అనే రకం. మట్టిలోని ఫంగస్‌తో వచ్చే పనామా తెగులు ఆ తోటలను నాశనం చేసింది. దాని చోట క్యావెండిష్ వచ్చింది. మన బండ్ల మీద అమ్మే పొడుగు పండ్లు, గ్రాండ్ నైన్, ఆ కుటుంబమే. ఇప్పుడు ఆ ఫంగస్‌లోనే టీఆర్4 అనే రకం క్యావెండిష్‌నూ పట్టింది. బీహార్, యూపీ తోటల్లోనూ కనబడింది. మందు కొడితే పోదు, మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. పండు తింటే మనకేం కాదు, నష్టం రైతుకే.

మన అమృతపాణికి కూడా పాత పనామా తెగులే శత్రువు. బజార్లో కనిపిస్తే మాత్రం వదలకండి.