కాలువలో దిగువారి కాలిజోళ్లు

చెరుకుపల్లి ప్రాంతమున చేపలు పట్టువారు వల భుజమున వేసికొని గట్లవెంట చాల దూరము నడచి, వట్టికాళ్లతోనే మురుగు కాలువలలో దిగుదురు. బురదలో గాజుపెంకులు, నత్తగుల్లలు, తుమ్మముండ్లు దాగియుండును. అరికాలు తెగినచో ధనుర్వాతము రావచ్చును. ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి ఎలుక జ్వరమును ఆ గాయముద్వారా సోకవచ్చును.

రబ్బరు బూట్లు మేలని పలువురి తలంపు. కాని మోకాలిలోతు దాటగానే అవి నీటితో నిండును. లీటరు నీటి బరువు 1 కిలో. నిండిన బూట్లతో గట్టెక్కుట యెంత కష్టమో యోచింపుడు. పారిశుద్ధ్య సిబ్బందికై పంచాయతీ కొన్న బూట్లను వేటకు ఎరువిచ్చు సభ్యులు ఈ సంగతి గమనింపవలెను. చెప్పులందురా, రేగడి బురద వానిని ఊడబెరికి తన యొద్దనే యుంచుకొనును!

తాళ్లతో బిగించు కాన్వాసు బూట్లు తేలికైనవి. గుడ్డగుండ నీరు కారిపోవును గనుక నడకకును, నీటికిని ఒక్క జతయే చాలును. అడుగు మాత్రము దళసరిగా నుండవలెను. అయితే కాన్వాసు నీటిని ఆపదు. కాలిపై పుండున్నవారు దిగరాదు. ఇంటికి రాగానే కాళ్లు సబ్బుతో కడిగికొని, బూట్లు ఎండబెట్టవలెను. తరువాతి రెండు మూడు వారములలో జ్వరము, పిక్కల నొప్పి, కన్నుల ఎఱ్ఱదనము కనిపించినచో, కాలువలో దిగిన సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.