నాణెమంత విద్యుద్ఘటం

బడిలో సాయంకాలం కంప్యూటరును ఆపి, గోడమీది స్విచ్చి కూడా తీసివేస్తారు. మరునాడు దానిని నడపగానే సరైన తేదీనీ, గంటనూ చూపుతుంది. రాత్రంతా కరెంటు లేదు కదా, మరి కాలాన్ని లెక్కపెట్టినది ఎవరు?

మన లాలాపేటకు కొద్ది దూరంలోనే ఉన్న ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసినది. ఆనాటి కంప్యూటర్లు బీరువాలంత ఉండేవి. నేడు బల్లమీద ఉంచే కంప్యూటర్లలో చాలావాటి బోర్డుమీద నాణెంవంటి చిన్న విద్యుద్ఘటం ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032. పేరులోనే కొలత ఉన్నది. 20 అంటే అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. బలం 3 వోల్టులు. దీని శక్తితో ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేసి చూడండి, సరిగా 1 వస్తుంది! లోపలి గడియారం సెకనును అలాగే లెక్కిస్తుంది.

ఈ ఘటాన్ని బోర్డుకు ఎలా కలుపుతారు? "+" గుర్తుగల వెడల్పైన ముఖం ధనధ్రువం. దాని అంచు కూడా ధనధ్రువమే. ఎందుకంటే రెండూ ఒకే లోహపు గిన్నె. రెండవ వైపున ఉన్న చిన్న మూత ఋణధ్రువం. గిన్నెకూ మూతకూ మధ్య విద్యుత్తును పోనివ్వని సన్నని పట్టీ ఉంటుంది. ఘటాన్ని గూటిలో ఉంచగానే అడుగున ఉన్న లోహపు నాలుక మూతను తాకుతుంది. ప్రక్కనున్న నాలుక అంచును అదుముతుంది. వలయం పూర్తి అవుతుంది. ఈ నాలుకలు స్ప్రింగులవలె పనిచేస్తాయి గనుక, కుదిపినా పట్టు విడువవు.

టంకం వేసి అతికించరాదా అంటారేమో! ఆ వేడికి లోపలి పట్టీ చెడి ఘటం పగిలిపోవచ్చు. తీగతోనే కలపవలసి వస్తే, కర్మాగారంలో ఘటానికి సన్నని రేకులను క్షణకాలపు వేడితో అతికి, ఆ రేకులకే టంకం వేస్తారు.

కంప్యూటరు పాత తేదీని చూపుతూ ఉంటే ఘటం అయిపోయి ఉండవచ్చు. పెద్దలచేత మార్పించండి. లోహపు చిమటాతో పట్టుకోరాదు. అది అంచునూ మూతనూ ఒకేసారి తాకితే రెండు ధ్రువాలూ కలిసి, ఘటం వృథాగా ఖర్చవుతుంది.

ఇక, తల్లిదండ్రులు కూడా తప్పక చదువవలసిన మాట. పసివాడు ఘటాన్ని మ్రింగితే, అది గొంతులో ఇరుక్కొన్నచోట తడి కండ ఆ లోహపు నాలుకల పనే చేస్తుంది. వలయం పూర్తి అయి, ఋణధ్రువంవద్ద క్షారం పుట్టి, రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలదు. పనికిరాదని తీసివేసిన ఘటంలో కూడా అందుకు చాలినంత బలం ఉండవచ్చు. అటువంటప్పుడు వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ముక్కులోనో చెవిలోనో దూర్చుకొన్నా అంతే.

పాత ఘటానికి రెండువైపులా టేపు అంటించి, పసివారికి అందనిచోట దాచండి. ఆటబొమ్మలలో ఘటపు మూతకు మర బిగించి ఉన్నదో లేదో ఈ రాత్రే చూడండి.