తీపి యావకూ ఓ టైమ్‌టేబుల్ ఉంటుంది!

నోటిఫికేషన్ పడింది, ప్రిపరేషన్ మొదలైంది. పనిలో పనిగా బరువు కూడా తగ్గాలనుకున్నారు. అన్నం సగం చేశారు, రాత్రికి చపాతీలకు మారారు, లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నారు. అంతా బాగానే ఉంది. సాయంత్రం 5 అయ్యేసరికి మాత్రం కాళ్లు వాటంతటవే బేకరీ వైపు నడుస్తాయి. రాత్రి 11కి మాక్ టెస్టు స్కోరు చూశాక వేలు ఫుడ్ యాప్ మీదకు పోతుంది. పొద్దున్నే ‘నాకు అసలు కంట్రోల్ లేదు’ అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

ఆ ‘కంట్రోల్’ అన్న మాటను కాసేపు పక్కన పెట్టండి. తీపి మీద యావ ఊరికే ఊడిపడదు. దానికో టైమ్, ఓ చోటు, ఓ కారణం ఉంటాయి. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే కంప్యూటర్‌ని తిడుతూ కూర్చోం కదా! ఏ లైన్‌లో వచ్చింది, ఏ ఇన్‌పుట్ ఇస్తే వచ్చింది అని చూస్తాం. ఇక్కడా అదే పద్ధతి. స్వీటుతో కుస్తీ పట్టడం కన్నా అది గుర్తొచ్చే గంటను పట్టుకోవడం తేలిక.

ముందు రెండు లెక్కలు

మొదటిది, అసలు మీరు బరువు తగ్గాలా వద్దా అన్నది. కిలోల్లో మీ బరువును, మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చేదే బీఎంఐ. 1.70 మీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉంటే 24.2 వస్తుంది. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కిస్తారు. 18.5 నుంచి 23 మధ్య ఉంటే మీరు తగ్గాల్సిందేమీ లేదు. హాస్టల్లో ఎవరో ‘లావయ్యావ్‌రా’ అన్నారని కడుపు మాడ్చుకోకండి.

రెండోది చక్కెర లెక్క. కోస్తాలో పంచదార అన్నా, తెలంగాణలో చక్కెర అన్నా కేలరీలు ఒకటే, గ్రాముకు 4. బయట నుంచి కలిపే చక్కెరతో పాటు తేనె, పండ్ల రసాల్లోని తీపి కూడా కలిపి, రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 10 శాతం అంటే 50 గ్రాములు. 5 శాతం అంటే 25 గ్రాములు, అంటే సుమారు 6 టీస్పూన్లు.

ఇప్పుడు మీ రోజును చూడండి. రెండు స్పూన్ల చక్కెరతో నాలుగు టీలు తాగితే 32 గ్రాములు. మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ తాగితే ఇంకో 26 గ్రాముల దాకా. మొత్తం 58. ఒక్క స్వీటు ముక్క కూడా నోట్లో వేసుకోకుండానే పెద్ద పరిమితి దాటేశారు!

మన ఇళ్లలో ‘షుగర్’ అంటే తీపి పేరు కాదు, జబ్బు పేరు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన ‘ఇండియాబ్’ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారు. తీపి ఒక్కటే దీనికి కారణం కాదు. వంశపారంపర్యం, పెరిగే బరువు, కదలకుండా కూర్చోవడం అన్నీ కలుస్తాయి. రోజుకు పది గంటలు కుర్చీలో గడిపే ప్రిపరేషన్ కాలం, ఆ తర్వాత వచ్చే డెస్క్ ఉద్యోగం... రెండూ కూర్చునే పనులే. అందుకే ఇప్పుడు పడే అలవాటు ఆఫర్ లెటర్‌తో పాటే ఆఫీసుకూ వస్తుంది.

మూడు రోజులు రాయండి, ఏమీ మార్చకండి

ఫోన్‌లో నోట్స్ తెరవండి. తీపి తినాలనిపించిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి. టైమ్ ఎంత? ఎక్కడున్నారు? చివరిసారి కడుపు నిండా తిని ఎన్ని గంటలైంది? అంతకు ముందు ఏం జరిగింది? రోజు మొదట్లో ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా వేయండి. తిన్నారా, ఆపుకున్నారా అన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. ఈ మూడు రోజులూ డైట్ గియ్‌ట్ ఏమీ వద్దు.

మూడో రోజు రాత్రి అది చదివితే ఓ వరస కనిపిస్తుంది. ఎక్కువమందిలో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఒకటి: కడుపు ఖాళీ

లైబ్రరీలో సీటు దొరకదని టిఫిన్ మానేసి 8కే వెళ్లిపోతారు. 11 గంటలకు టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం డైట్ పేరుతో కాస్త అన్నం, పప్పు నీళ్లు. సాయంత్రం 5కి శరీరం తొందరగా శక్తినిచ్చేదేదో వెతుక్కుంటుంది. అప్పుడు బేకరీ అద్దాల వెనక క్రీమ్ బన్ను పిలవడంలో వింతేముంది? ఇది జిహ్వచాపల్యం కాదు, ఆకలే.

దీనికి మందు ఉదయమే ఉంది. ఇడ్లీ తింటే చట్నీతో సరిపెట్టకుండా సాంబారు ఎక్కువ వేయించుకోండి. గుడ్డు తినేవారైతే రెండు ఉడికించినవి తినండి. ఒక్కోదాంట్లో 6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. శాకాహారులకు పెసరట్టు, సెనగల గుగ్గిళ్లు, పెరుగు ఉన్నాయి. సాయంత్రం 5 గంటల సమస్యకు 4:30కే బ్యాగులో సమాధానం ఉండాలి. గుప్పెడు వేయించిన సెనగలు, ఓ అరటిపండో జామకాయో చాలు. పండును కొరికి తింటే అందులోని తీపి ఆ 25 గ్రాముల లెక్కలోకి రాదు. జ్యూస్ తీస్తే మాత్రం వస్తుంది.

రెండు: నిద్ర చాలకపోవడం

లాగ్‌లో 5 గంటల కన్నా తక్కువ పడుకున్న రోజులను తీపి తిన్న రోజులతో పోల్చి చూడండి. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులపై ఓ చిన్న ప్రయోగం చేశారు. వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. రెండు రాత్రులు పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే, ‘కడుపు నిండింది’ అని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది. ‘ఆకలేస్తోంది’ అని చెప్పే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. స్వీట్లు, ఉప్పగా ఉండే చిరుతిళ్ల మీద కోరిక ఎక్కువైంది.

పన్నెండు మందితో చేసిన ప్రయోగం అందరికీ తీర్పు కాదు. కానీ మీ లాగ్‌లోనూ అదే కనిపిస్తే, రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూడటం కూడా మీ డైట్‌లో భాగమే అనుకోండి. పడుకునే టైమ్‌ను ఓ 45 నిమిషాలు ముందుకు జరపండి చాలు.

మూడు: మనసు బాగోలేక

‘వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ’ అని మెయిల్ వస్తుంది. కీ చూస్తే కటాఫ్‌కి రెండు మార్కులు తక్కువ. ఇంటి నుంచి ఫోన్... ‘ఏమైందిరా రిజల్ట్?’ ఆ పూట చాక్లెట్ తినాలనిపిస్తే అది ఆకలి పని కాదు. ఓదార్పు కావాలి, చేతికందే దూరంలో ఉన్నది చాక్లెట్.

ఇక్కడ ఓ సులువైన పని ఉంది. లేచి బయటికెళ్లి 15 నిమిషాలు గబగబా నడవండి. బరువు ఎక్కువ ఉండి, తీపి చిరుతిళ్లకు అలవాటు పడిన వారిపై చేసిన ఓ అధ్యయనం 2015లో వచ్చింది. పావుగంట వేగంగా నడిచిన వారిలో, ఊరికే కూర్చున్నప్పటి కన్నా తీపి కోరిక తగ్గింది. నడుస్తూ ఓ ఫ్రెండ్‌కి ఫోన్ చేయండి. తిరిగొచ్చాక కూడా తినాలనిపిస్తే రెండు ముక్కలు తినండి, తప్పేం లేదు. చాక్లెట్‌కు ముందు నడక ఉండాలి, అదొక్కటే నియమం.

నాలుగు: పక్కన మనుషులు

అమీర్‌పేట, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో టీ కొట్టు అంటే టీ ఒక్కటే కాదు. నోటిఫికేషన్ల కబుర్లు, ఫ్యాకల్టీ మీద జోకులు, రోజులో నవ్వుకునే పావుగంట. అక్కడికి వెళ్లడం మానేయమంటే మీరు మానరు, మానాల్సిన పనీ లేదు. కప్పులోదాన్ని తగ్గించండి. విడిగా కలిపిచ్చే చోట ‘అన్నా, చక్కెర తక్కువ’ అనండి. ఇరానీ చాయ్‌లా తీపి కలిసే వస్తే ‘వన్ బై టూ’ చెప్పండి. రెండు స్పూన్ల నుంచి ఒకటిన్నరకు, రెండు వారాలయ్యాక ఒకటికి దిగండి. నాలుక మెల్లగా సర్దుకుంటుంది. కొన్ని వారాలయ్యాక పాత టీ తాగితే మీకే పాకంలా అనిపిస్తుంది.

ఆరోగ్యం పేరుతో వచ్చే తీపి

చక్కెర మానేశామని బెల్లం టీ, తేనె నీళ్లు మొదలుపెట్టేవారు చాలామంది. బరువు విషయంలో వీటికి మినహాయింపు లేదు. బెల్లం కేలరీలు చక్కెరకు దగ్గరగానే ఉంటాయి.

ప్యాకెట్ వెనక చూసే అలవాటు చేసుకోండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు వస్తుంది. గ్లూకోజ్ సిరప్, ఇన్‌వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని ఉన్నా అవి చక్కెర బంధువులే. ‘యాడెడ్ షుగర్స్’ అంకె 100 గ్రాములకా, ఒక సర్వింగ్‌కా అన్నది చూడండి. పాలల్లో కలుపుకునే పొడులను ‘హెల్త్ డ్రింక్’ విభాగంలో పెట్టి అమ్మొద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. అట్ట మీద పేరు కన్నా వెనకున్న అంకెనే నమ్మాలి.

మరి షుగర్‌ఫ్రీ మాత్రలు? బరువు అదుపు కోసం ఇలాంటి కృత్రిమ తీపి వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మధుమేహం ఉన్నవారికి ఈ సూచన వర్తించదు, వారు డాక్టర్ చెప్పినట్టు చేయాలి. మిగతావారికి నాలుకను తక్కువ తీపికి అలవాటు చేయడమే దారి.

స్వీటు డబ్బా వస్తే?

రూమ్మేట్‌కు ఉద్యోగం వచ్చింది, నోరు తీపి చేసుకోమంటాడు. ‘డైట్‌లో ఉన్నా’ అని మొహం తిప్పుకోకండి, ఆ కాజా తినండి. పండక్కి బొబ్బట్టు కూడా తినండి. ‘ఇక జన్మలో స్వీటు ముట్టను’ అని ఒట్టు పెట్టుకుంటే, అది తప్పిన రోజు ‘ఎలాగూ పోయింది’ అని డబ్బా ఖాళీ చేసేస్తాం. వారానికి రెండుసార్లు అని ముందే అనుకోండి. భోజనం అయ్యాక, ప్లేటులో పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి ఒక్కటి తినండి.

ఇంటి నుంచి అమ్మ పంపిన సున్నుండలు, అరిసెలు వచ్చాయా? మొదటి రోజే ఫ్లోర్ మొత్తానికీ పంచేయండి. మీకు మిగిలినవి అలమారా పై అరలో ఉండాలి, చదువుకునే బల్ల మీద కాదు.

ఇక్కడ మాత్రం డాక్టర్ కావాలి

దాహం, మూత్రం ఎక్కువవుతున్నా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా వెంటనే రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్, పీసీఓఎస్, మధుమేహానికి మందులు వాడేవారు అడగకుండా ఆహారం మార్చొద్దు. దాచుకుని విపరీతంగా తినడం, తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం ఉంటే సిగ్గుపడకుండా వైద్య సాయం తీసుకోండి. మిగతావారు వారానికి అర కిలో తగ్గితే చాలు. ఇంటర్వ్యూకి పది రోజుల ముందు ఉపవాసాలు చేస్తే నీరసం తప్ప ఏమీ మిగలదు.

మాక్ టెస్టు రాశాక ఏ చాప్టర్‌లో మార్కులు పోయాయో చూసుకుని, ఆ వారం దాని మీదే కూర్చుంటారు కదా. దీనికీ అంతే. నాలుగింటిలో మీది ఏదో తేల్చుకుని, రెండు వారాలు ఆ ఒక్కదాన్నే మార్చండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ఈ రాత్రి పడుకునే ముందు నోట్స్‌లో నాలుగు గడులు గీసి పెట్టుకోండి. మొదటి ఎంట్రీ రేపటి 11 గంటల టీ దగ్గరే పడొచ్చు!