కిడ్నీ క్యాన్సర్: ఆపరేషన్ తరువాత ఇమ్యునోథెరపీ ఎవరికి?

కిడ్నీలోని క్యాన్సర్ గడ్డను తొలగించిన తరువాత కుటుంబాల ముందు నిలిచే ప్రశ్న ఒకటుంది. జబ్బు తిరగబెట్టకుండా ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు తీసుకోవాలా? ఇవి ఎంతో ఖరీదైన మందులు. పొలమో, నగలో అమ్మనిదే కొనలేని ఇళ్ళు అనేకం. కనుక పరిశోధనలు ఏమి తేల్చాయో తెలిసి ఉండటం అవసరం.

ఈ క్యాన్సర్‌పై సాధారణ కీమోథెరపీ ప్రభావం స్వల్పం. అందువల్ల వైద్యశాస్త్రం శరీరపు స్వీయ రక్షణ వ్యవస్థ వైపు చూసింది. 1992లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ల్యూకిన్-2 కొద్దిమందికే, అదీ తీవ్రమైన దుష్ఫలితాలతో, మేలు చేసింది. అసలు మలుపు తరువాత వచ్చింది. మన రక్తంలోని టి కణాలు శత్రుకణాలను సంహరిస్తాయి. అవి హద్దు మీరకుండా వాటికి పీడీ-1 అనే కళ్ళెం ఉంటుంది. క్యాన్సర్ కణం ఆ కళ్ళెం పట్టి లాగి వాటిని నిలిపివేస్తుంది. ఆ పట్టును విడిపించేవే నేటి మందులు. ఇటువంటి కళ్ళేల రహస్యాన్ని ఛేదించిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. అంగళ్ళలో ‘ఇమ్యూనిటీ’ పేరిట అమ్మే పొడులకు దీనితో ఎట్టి సంబంధమూ లేదు.

ఇక ఆపరేషన్ అనంతర చికిత్స సంగతి. తిరగబెట్టే ముప్పు అధికంగా ఉన్న 994 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సుమారు ఏడాదిపాటు పెంబ్రోలిజుమాబ్, మరొక జట్టుకు మందు కలపని సెలైన్ ఇచ్చారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం నాలుగేళ్ళకు మొదటి జట్టులో 91 శాతం, రెండవ జట్టులో 86 శాతం జీవించి ఉన్నారు. ఈ లెక్కను నిదానంగా చదవాలి. నూటికి అదనంగా దక్కినది ఐదు ప్రాణాలు. అది చిన్న విషయం కాదు. అయితే ఆ మందు లేకుండానే 86 మంది నిలిచారన్నదీ అంతే నిజం. పైగా కళ్ళెం వదిలిన టి కణాలు కొందరిలో థైరాయిడ్ మీద, పేగుల మీద, ఊపిరితిత్తుల మీద విరుచుకుపడతాయి. థైరాయిడ్ దెబ్బతింటే జీవితాంతం మాత్రలు వాడవలసి రావచ్చు. ఇదే కోవకు చెందిన అటెజోలిజుమాబ్ ఇటువంటి పరీక్షలోనే ప్రయోజనం చూపలేకపోయింది.

ఆ ఐదుగురెవరో ముందే గుర్తించడం ఎలా? నేటి పరిశోధనల దృష్టి ఇటు మళ్ళింది. రక్తంలో కిమ్-1 అనే ప్రోటీన్ మోతాదు ఇందుకు సూచిక కాగలదేమోనని పరిశీలిస్తున్నారు. బోస్టన్‌లోని డానా-ఫార్బర్ సంస్థ వైద్యులు ఒక్కొక్క రోగి గడ్డను పరీక్షించి, వారి వారికే ప్రత్యేకమైన టీకా తయారుచేశారు. 2025లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో తొమ్మిది మందిలో ఎవరికీ మూడేళ్ళు దాటినా జబ్బు తిరగబెట్టలేదు. తొమ్మిది మందే, పోల్చి చూడటానికి రెండవ జట్టు లేదు.

వైద్యుణ్ణి అడగవలసినవి ప్రస్తుతం బయాప్సీ నివేదికలోనే ఉన్నాయి: గడ్డ ఏ రకం, ఏ దశ, ఏ గ్రేడ్? పెంబ్రోలిజుమాబ్ పరీక్ష జరిగినది క్లియర్ సెల్ రకంపైనే. రోగికి కీళ్ళవాతం, సోరియాసిస్ వంటి జబ్బులుంటే ఆ సంగతీ మొదటే చెప్పాలి.