చింతపండు పేరులో ఖర్జూరం

మన వంటిళ్లలో చింతపండు లేని వారం ఉండదు. ఖట్టీ దాల్ అయినా, చేపల పులుసు అయినా అది పడితేనే రుచి. తెలుగులో చింత అంటాం, ఉర్దూలో ఇమ్లీ అంటాం. పిల్లలు బడిలో ‘టామరిండ్’ అని నేర్చుకుంటారు. ఈ మూడో పేరు ఇంగ్లీషువారు కల్పించుకున్నది కాదు. దాని మూలం అరబ్బీ ‘తమ్ర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం.

తమ్ర్ అనే మాట మన ఇళ్లకు కొత్త కాదు. దైవప్రవక్త (స) రుతబ్‌తో ఉపవాసం విరమించేవారనీ, అవి లేనప్పుడు తమ్ర్‌తో, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీటితో విరమించేవారనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. రుతబ్ అంటే చెట్టున పండి ఇంకా తడి ఆరని ఖర్జూరం. తమ్ర్ అంటే ఎండి నిల్వకు వచ్చినది. చింతపండుకు తమ్ర్ పేరే ఎందుకు కుదిరిందో దీనిని బట్టి ఊహించవచ్చు. సముద్రం దాటి అమ్మకానికి వెళ్లేది చెట్టు కాదు, పెంకు తీసి ముద్దగా నొక్కిన ఎండు పండు. గోధుమ రంగు, జిగురు, లోపల గట్టి గింజ. చూసినవారికి ఇంటి ఖర్జూరం గుర్తుకు వచ్చి ఉంటుంది. నాలుకపై వేసుకున్నాక ఆ పోలిక ఎంతసేపు నిలిచిందో!

వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెంటికీ చుట్టరికమే లేదు. ఖర్జూరం తాటి, కొబ్బరి చెట్ల కుటుంబానిది. చింత చిక్కుడు, కందుల కుటుంబానిది.

ఈ మాట ఐరోపాకు చేరింది వంటగది దారిన కాదు, వైద్యుల గ్రంథాల ద్వారా. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో తమ్ర్ హిందీని ఔషధాలలో పేర్కొన్నాడు. క్రెమోనాకు చెందిన గెరార్డ్ 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో ఆ గ్రంథాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. మధ్యయుగపు లాటిన్‌లో అది ‘తమరిండస్’ అయింది. ఫ్రెంచివారు చివరి అక్షరాన్ని జారవిడిచి ‘తమరిన్’ అన్నారు. ఇంగ్లీషు మాత్రం దానిని నిలుపుకుంది. అందుకే ఆ మాట చివర ‘హింద్’ ఇప్పటికీ వినిపిస్తుంది. (టామరిన్ అనే దక్షిణ అమెరికా కోతి పేరుకూ దీనికీ సంబంధం లేదు.)

1753లో లినేయస్ ఈ చెట్టుకు ‘టామరిండస్ ఇండికా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ‘హిందూదేశపు ఖర్జూరం, హిందూదేశానిది’ అన్నట్టయింది! ఒకే దేశం పేరు రెండుసార్లు చెప్పినా చింత పుట్టిల్లు మన దేశం కాదు. అది ఉష్ణమండల ఆఫ్రికా చెట్టు. ఎంతో పూర్వమే ఇక్కడికి వచ్చి స్థిరపడింది. పేరును చూపి ఈ చెట్టు మనదేనని పిల్లలకు చెప్పడం సరికాదు. సరుకు ఏ దేశం నుంచి అందిందో పేరు చెబుతుంది గాని, చెట్టు ఎక్కడ పుట్టిందో చెప్పదు. ఆఫ్రికాలోనే ఉన్న సూడాన్‌లో, అరబ్బీ మాట్లాడేవారే దీనిని ‘అర్దేబ్’ అని వేరే పేరుతో పిలుస్తారు.

కైరోలో రంజాన్ నెలలో ఈ పండు నానబెట్టి, వడకట్టి, చక్కెర కలిపి చేసిన షర్బత్తు వీధుల్లో అమ్ముతారు. అక్కడి ఇఫ్తార్ వేళ పళ్లెంలో తమ్ర్, పక్కన గ్లాసులో తమ్ర్ హిందీ.