గుడి గోడ మీది చేదు నిజం

మతమంటే చాలామందికి అమ్మ నేర్పిన దండం, తాత చేయి పట్టుకొని వెళ్లిన జాతర, ఆపదలో మొక్కుకొన్న మొక్కు. అందుకే ఆ మతం పేరిట ఒకప్పుడు అన్యాయం జరిగిందని తెలిస్తే సొంత ఇంటి మీద మచ్చ పడ్డట్టు మనసు విలవిలలాడుతుంది. పాత సంగతులు తవ్వి సాధించేదేమిటి, తెలియకుండా ఉంటేనే మనశ్శాంతి కదా అన్న మాట పుట్టేది ఈ బాధలోంచే. విశ్వాసమే ఆసరాగా కష్టాలు దాటుతున్న మనిషి ఆ మాట అన్నప్పుడు తేలికగా కొట్టిపారెయ్యడం తగదు. కానీ ఆ మనశ్శాంతికి వెల కడుతున్నది ఎవరన్నది అడగకుండా దాని మంచిచెడ్డలు తేల్చడం సాధ్యం కాదు. దక్షిణాదిన దేవదాసీ వ్యవస్థ నడిచిన తీరు ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు చెబుతుంది.

దేవుడికి అంకితమై, పెళ్లి లేకుండా, ఆలయంలో ఆటపాటలతో సేవ చేసే స్త్రీని దేవదాసి అన్నారు. తెలుగునాట ఆమెకు గుడిసాని అన్న పేరు కూడా ఉండేది. ‘స్వామిని’ అన్న సంస్కృత పదం నుంచి వచ్చిన ‘సాని’ ఒకప్పుడు గౌరవవాచకం. శాసనాల్లో ఉన్నత కుటుంబాల స్త్రీల పేర్ల చివర కనిపించే మాట అది. తంజావూరు బృహదీశ్వరాలయం గోడల మీద పదకొండో శతాబ్దపు ఆరంభంలో రాజరాజ చోళుడు చెక్కించిన శాసనాన్ని దగ్గరగా చూస్తే, కొలువుకు పిలిపించిన 400 మంది స్త్రీల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఎవరు ఏ ఊరి గుడి నుంచి వచ్చారో, ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నో ఇల్లు ఎవరిదో, ఏటా అందవలసిన ధాన్యం ఎంతో, అన్నీ రాతిలో ఉన్నాయి. అటువంటి కొలువు చేసిన స్త్రీలకు తెలుగునాట ఉన్న ‘సాని’ అన్న బిరుదే కాలక్రమంలో తిట్టుగా మారిపోయింది.

రాజుల ఆదరణ తగ్గి, పోషణ జమీందార్ల, ధనికుల చేతుల్లోకి పోయాక, దేవుడి పేరిట గుడిలో కట్టిన తాళి చాలామంది ఆడపిల్లలకు బంధనమయింది. దేవదాసీ సముదాయంలో పుట్టిన తల్లికి బిడ్డగా పెరిగి, వైద్యురాలై, మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన ముత్తులక్ష్మీ రెడ్డి ఈ సంగతి లోపలి నుంచి తెలిసిన మనిషి. సేవకు బదులుగా అనుభవించే మాన్యం భూములు ఆ సేవ మానేసినా ఆ స్త్రీలకే దక్కేలా 1929లో చట్టసవరణ తెప్పించి, ఆడపిల్లలను అంకితం చేయడాన్నే నిషేధించాలంటూ 1930లో ఆమె బిల్లు పెట్టినప్పుడు, అది మతంలో జోక్యమనీ సంప్రదాయానికి చేటనీ గట్టి వ్యతిరేకత వచ్చింది. చివరికి మద్రాసు రాష్ట్రంలో నిషేధ చట్టం వచ్చింది 1947లో. బిల్లు పెట్టిన నాటికి పదేళ్లున్న పిల్ల చట్టం వచ్చేసరికి ఇరవై ఏడేళ్ల స్త్రీ అయి ఉంటుంది; ఆ పదిహేడేళ్లూ పెద్దలు కాపాడుకొన్న మనశ్శాంతికి వెల కట్టింది అటువంటి పిల్లలే.

ఆ చట్టం నిజాం ఏలుబడిలోని తెలంగాణకు వర్తించలేదు. పైగా ఊళ్లలో ఈ అంకితానికి వేరే రూపం కూడా ఉండేది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి పాత జిల్లాల్లో జోగిని అనీ, కర్ణాటక సరిహద్దున ఉన్న రాయలసీమ ఊళ్లలో బసివి అనీ, చిత్తూరు ప్రాంతంలో మాతమ్మ అనీ పిలిచే ఆచారంలో గుడికొలువూ లేదు, మాన్యమూ లేదు. ఇంట్లో జబ్బు తగ్గాలనో అరిష్టం తొలగాలనో మొక్కుకొని, ఎక్కువగా దళిత కుటుంబాల ఆడపిల్లకు ఎల్లమ్మ, పోచమ్మ వంటి దేవతల పేరిట తాళి కట్టించేవారు. ఆ పిల్ల ఈడేరాక ఊళ్లో పలుకుబడి ఉన్న మగవాళ్ల పాలయ్యేది. జాతరలో ఆడటానికి ఆమె కావాలి, శవయాత్ర ముందు ఆడటానికీ ఆమే కావాలి, కానీ ఆమె బిడ్డను బడిలో వేసేటప్పుడు దరఖాస్తులో తండ్రి పేరు రాయవలసిన గడి దగ్గర పక్కన నిలబడేవాడు ఒక్కడూ ఉండడు. ఇది మూఢాచారమే తప్ప మతం కాదని భక్తులు తప్పుకోవడం కుదరదు. తాళి కట్టింది దేవత పేరిట, దేవత ముందు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో నిషేధ చట్టం చేసింది. మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, వారికి వేరే బతుకు సాధ్యమని చూపించారు.

అయితే నిజం ఒకే వైపు కోసే కత్తి కాదు. సంస్కర్తలను ఆరాధించేవారికి కూడా ఇందులో మింగుడుపడని సంగతి ఒకటి ఉంది. తంజావూరు కొలువులో వెలిగిన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ కావ్యాన్ని అసభ్యమని కందుకూరి వీరేశలింగం నిందించారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని మళ్లీ అచ్చువేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది, ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్న కాలానికి గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరాన్ని సొంత సొమ్ముతో కట్టించిన నాగరత్నమ్మ కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషీమణే. దురాచారాన్ని తుడిచే తొందరలో ఆ స్త్రీల చదువునూ సంగీతాన్నీ గౌరవాన్నీ కూడా తుడిచిపెట్టారు. సగం నిజంతో సరిపెట్టుకోవడం వల్ల జరిగిన నష్టం ఇది.

సంపూర్ణంగా తెలుసుకొంటే భక్తి చచ్చిపోతుందన్న భయానికి ఈ చరిత్రలో ఆధారం లేదు. అంకితాలను నిషేధించినందువల్ల ఏ గుడిలోనూ దీపం కొండెక్కలేదు, త్యాగరాజ కీర్తన ఆగలేదు, ఎల్లమ్మ జాతరకు జనం తగ్గలేదు. పోయింది పసిపిల్లల మెడలోని తాళి. నిజం తెలిసి బాధపడిన భక్తుడు తన దేవుణ్ని వదులుకోవలసిన పని లేదు, ఆ దేవుడి పేరు చెప్పి పిల్లలను బలిపెట్టే హక్కును వదులుకోవలసి ఉంటుంది, అంతే. ఈసారి పిల్లలను పాత గుడికి తీసుకువెళ్లే తల్లిదండ్రులు గోపురం ఎత్తూ కట్టించిన రాజు పేరూ చెప్పి ఊరుకోకుండా, ఆ గుడిలో కొలువు చేసిన సానుల గురించి, వారికి ఆ తర్వాత ఏం జరిగిందన్న దాని గురించి కూడా పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.