ఛాయాచిత్రమున పశువు, పక్షి, పళ్ళెము

ఛాయాచిత్రమనగానే మనలో పెక్కుమందికి ముందుగా స్ఫురించునది మనుష్యుని ముఖము. పెండ్లిపీటలపై కూర్చున్న దంపతులు, బడి యెదుట వరుసగా నిలిచిన బాలబాలికలు, గోడమీద పూలదండతో నున్న తాతగారి పటము - మన యిండ్లలోని చిత్రములు సాధారణముగా ఇవియే. వీరందరును కెమెరా యెదుటికి వచ్చునప్పుడు తల దువ్వుకొందురు, ఉత్తరీయము సవరించుకొందురు, కదలవద్దన్నచో కదలకుందురు. కాని తీయదగిన వస్తువులన్నియు ఇట్లు చెప్పిన మాట వినునవి కావు. ఇంటి కుక్కను చిరునవ్వు నవ్వుమని అడుగలేము. వేడి అన్నముపై లేచు ఆవిరిని క్షణకాలము ఆగుమని బతిమాలలేము.

పెంపుడు జంతువుల చిత్రములను, ఆహారపదార్థముల చిత్రములను ఒకే ఛాయాచిత్రకారుడు చేపట్టుట నేడు వింతకాదు. పైకి చూచినచో ఈ రెండింటికి సంబంధమేమియు లేనట్లు తోచును. ఒకటి ప్రాణముతో పరుగులెత్తునది; మరియొకటి పళ్ళెములో కదలక పడియుండునది. అయినను రెండింటికిని మూలసూత్ర మొక్కటే. తన పక్షమున తాను మాటలాడజాలని దానికి చిత్రకారుడు న్యాయము చేయవలెను. ఆ న్యాయము సగము వెలుతురునందును, సగము మనస్సాక్షియందును ఉన్నది.

శ్రీకాకుళము జిల్లాలో పలాస, టెక్కలి ప్రాంతములును, ఉద్దానపు తీరమును ఈ విద్యకు చక్కని పాఠశాలలు. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దట్టముగా నున్నవి. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలను పగులగొట్టి పప్పు తీయు కర్మాగారములున్నవి. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమున చెట్లనిండ పక్షులు గూళ్లు కట్టుకొనును. పశువులు, పక్షులు, తినుపదార్థములు ఇంత సమృద్ధిగా నొకచోట నుండుటచే ఉదాహరణములకై మనము దూరము పోనక్కరలేదు.

ముందుగా ఈ కళ నడచి వచ్చిన దారిని సంగ్రహముగా చూతము. ఆహారమును చిత్రించుట ఛాయాచిత్రకళతో పాటే పుట్టినదనవచ్చును. ఇంగ్లండు దేశపు ఫాక్స్ టాల్బట్ 1844 మొదలు 1846 వరకు భాగములుగా వెలువరించిన ‘పెన్సిల్ ఆఫ్ నేచర్’ అను గ్రంథమున, బుట్టలలో నమర్చిన పండ్ల చిత్రమొకటి కలదు. జంతువుల సంగతి అంత సులభము కాలేదు. ఆనాటి పలకలకు చాలసేపు వెలుతురు తగులవలసియుండెను. పండు కదలదు గాని గుఱ్ఱము కదలును. 1878వ సంవత్సరమున అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జి పండ్రెండు కెమెరాలను వరుసగా నిలిపి, పరుగెత్తు గుఱ్ఱమును అంచెలంచెలుగా చిత్రించెను. పరుగులో ఒకానొక క్షణమున గుఱ్ఱము నాలుగు కాళ్లును నేలను విడిచియుండునని దానివలన రుజువైనది. అంతవరకు కంటికి అందని సత్యమును కెమెరా అందించినది.

మన తెలుగునాట ఈ కళకు ఆద్యులలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించి, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1905లో దివంగతుడయ్యెను. 1902లో వరంగల్లు ప్రాంతమందలి నెక్కొండ చేరువను రాజప్రతినిధి కర్జన్ ప్రభువు వేటాడిన పులితో తీయించుకొనిన చిత్రము దీన్‌దయాళ్ చిత్రశాల పేరిట మిగుల ప్రసిద్ధికెక్కినది. ఆ చిత్రమున ప్రభువును, ఆయన భార్యయు నిలువబడియున్నారు. పులి వారి పాదములచెంత పడియున్నది. చిత్రము తీసిన నేర్పు గొప్పది. కాని అందు పులి ఒక అలంకారము మాత్రమే. అప్పటినుండి ఇప్పటికి జంతుచిత్రణలో వచ్చిన మార్పు యంత్రములలో కంటె దృష్టిలో ఎక్కువ. నేడు జంతువే చిత్రమునకు నాయకుడు.

ఇక పని యెట్లు జరుగునో చూతము. కెమెరా సత్యమునే చూపునని మన నమ్మకము. అయితే దానికి పుట్టుకతో వచ్చిన లోపమొకటి కలదు. దానిలో వెలుతురును కొలుచు సాధనము, ఎదుటనున్న దేదైనను సగటున నడిమి బూడిదవర్ణమున నుండునని భావించును. నల్లని గేదెను చూపినచో, ఇది చీకటిలో నున్నదని తలచి వెలుతురును పెంచును. గేదె బూడిద పూసికొన్నట్లగును. తెల్లని ఎద్దును చూపినచో, ఇది మిక్కిలి ప్రకాశించుచున్నదని వెలుతురును తగ్గించును. ఎద్దు మాసిన గుడ్డవలె కనబడును. తెల్లని జీడిపప్పు రాశికిని ఇదే గతి పట్టును. కావున తెల్లనిదానిని తీయునప్పుడు కొంత వెలుతురు పెంచవలెను. నల్లనిదానిని తీయునప్పుడు కొంత తగ్గించవలెను. నేటి చేతిఫోనులందును ఈ వసతి యున్నది. తెరపై ఆ వస్తువును వ్రేలితో తాకినచో సూర్యుని గుర్తు వంటిది పొడసూపును. దానిని పైకి జరిపినచో వెలుతురు హెచ్చును, క్రిందికి జరిపినచో తగ్గును. ఈ ఒక్క మెలకువ తెలిసినవారు, గేదెను గేదెగాను ఎద్దును ఎద్దుగాను చూపగలరు.

జంతువును తీయువారు పాటింపవలసిన మొదటి నియమము వంగుట. మనము నిలుచుండి కుక్కను పైనుండి తీసినచో పెద్ద తలయు, చిన్న కాళ్లును, దయనీయమైన చూపును వచ్చును. నేలపై కూర్చుండి దాని కన్నుల మట్టమునకు కెమెరాను దింపినచో, దాని లోకమునకు మనము అతిథులమగుదుము. రెండవది, కన్ను. తక్కిన శరీరము కొంచెము మసకబారినను చూపరులు క్షమింతురు. కన్ను స్ఫుటముగా లేనిచో క్షమింపరు. నీడపట్టున గుమ్మము వైపు ముఖము పెట్టి కూర్చున్న పిల్లి కంటిలో, ఆకాశపు వెలుగు చుక్కవలె మెఱయును. ఆ చుక్కయే చిత్రమునకు ప్రాణము పోయును. నిద్రించు పిల్లికి సెకనులో 60వ వంతు కాలము చాలును. పరుగెత్తు కుక్కకు 500వ వంతైనను కావలెను.

మూడవది, ఓర్పు. జంతువు కెమెరాను వాసన చూచి, విసుగు చెంది, దానిని మఱచిన పిమ్మట గాని అసలు రూపమును చూపదు. చెవులు వెనుకకు మడచి, తోకను కాళ్లనడుమ ముడిచి, పెదవులు నాకుకొనుచున్న కుక్క భయపడుచున్నదని గ్రహింపవలెను. దానిని గొలుసుతో లాగి, టోపీ పెట్టి తీసిన చిత్రమున నవ్వు మనది, బాధ దానిది. కోడెదూడనైనను, కుక్కపిల్లనైనను దానికి అలవాటైన మనిషి చెంతనుండగా, అలవాటైన చోటనే తీయుట మేలు.

పెంపుడు జంతువు విషయమున ఇది మర్యాద. అడవిప్రాణి విషయమున ఇది ప్రాణసమస్య. తేలినీలాపురమునకు ఏటేట పెలికన్లనబడు గూడబాతులును, రంగురెక్కల కొంగలును వచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచును. ఆ గ్రామస్థులు వాటి రాకను శుభముగా నెంచి కాపాడుచున్నారు. ఒక మంచి చిత్రము కొరకు ఎవడైన చెట్టుక్రిందికి పోయి చప్పుడు చేసినచో పెద్ద పక్షులు లేచిపోవును. రెక్కలు విప్పి ఎగురు గుంపు చిత్రమున మనోహరముగానే యుండును. కాని ఆ సమయమున గూటిలోని గ్రుడ్లు, రెక్కలు రాని పిల్లలు ఎండకు మాడును. కాకులును గ్రద్దలును పొంచియుండును. కావున నేర్పరి యైనవాడు దూరదర్శక కటకముతో దూరమునుండియే తీయును. పక్షి తనంతట తాను ఎగురువరకు వేచియుండును. ఉద్దానపు తీరమున రాత్రివేళ గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్ల విషయమునను ఇంతే. ఫ్లాషు వెలుగును, టార్చి వెలుగును వాటిని కలవరపెట్టును. ఇసుక నుండి వెలువడిన పిల్లలు సముద్రపు దారి తప్పి వెలుగువైపు ప్రాకిపోవును. తీయరాని చిత్రమును తీయకుండుటయు కళలో భాగమే.

ఇప్పుడు పళ్ళెము కడకు వత్తము. ఆహారమును చిత్రించుటలో వెలుతురు వచ్చు దిక్కే సర్వస్వము. ఎదురుగా ఫ్లాషు వెలిగించినచో ఎంతటి కమ్మని కూరయైనను గోడకు పూసిన రంగువలె చదునుగా తోచును. కిటికీ ప్రక్కన పళ్ళెముంచి, వెలుతురు ప్రక్కనుండి గాని కొంచెము వెనుకనుండి గాని వచ్చునట్లు చేయవలెను. అప్పుడు పనసపొట్టు కూరలోని పోగులు విడివిడిగా కనబడును. చోడి అంబలిపై మీగడవంటి తేట మెఱయును. నీడ మఱీ చిక్కనైనచో రెండవవైపున తెల్లని కాగితమో, ఉతికిన పంచెయో అడ్డుపెట్టినచో చాలును. ఆవిరిని చూపవలెనన్న వెనుక ముదురురంగు ఉండవలెను. అమెరికా ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక బుట్టమిరపకాయను రేకు గరాటులో నిలబెట్టి తీసిన చిత్రము జగద్విఖ్యాతమైనది. గరాటు గోడలనుండి మెల్లగా ప్రతిఫలించిన వెలుతురు ఆ కాయకు శిల్పమువంటి నునుపు నిచ్చినది. వస్తువు సామాన్యమైనది; వెలుతురు దానిని అసామాన్యము చేసినది.

పలాస జీడిపప్పునకు ఈ విద్య కేవలము విలాసము కాదు. నేడు దూరదేశపు కొనుగోలుదారు సరకును చేతబట్టి చూచుటకు ముందే దాని చిత్రమును చూచుచున్నాడు. గుండుపప్పును 180, 210, 240, 320 అను అంకెలతో తరగతులుగా విభజింతురు. ఆ అంకె, ఒక పౌను తూకమునకు ఎన్ని పప్పులు తూగునో తెలుపును. అంకె చిన్నదైనకొలది పప్పు పెద్దది. అయితే కేవలము పప్పును దగ్గరగా తీసినచో 320 రకము 180 రకమువలె కనబడును. ప్రక్కన ఒక నాణెమునో, కొలబద్దనో ఉంచినచో ఆ సందేహము తీరును. మఱియు పసుపుపచ్చని దీపము క్రింద తీసిన తెల్లపప్పు, మాడిన రకముగా తోచి ధర పోగొట్టుకొనును. వెలుతురు హద్దుమీరినచో మచ్చలు మాయమై, మంచిది కానిది మంచిదిగా చెల్లును. మొదటిది అమ్మువానికి నష్టము. రెండవది కొనువానికి మోసము.

ఈ మోసము పెద్ద దేశములలోను జరిగినది. అమెరికాలో కాంప్‌బెల్ కంపెనీవారు తమ సూపు ప్రకటనల కొరకు గిన్నె అడుగున గాజు గోళీలుంచి కూరముక్కలు పైకి తేలునట్లు చిత్రింపజేయగా, 1970లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానిని తప్పుపట్టి కట్టడి చేసినది. ముక్కలు నిజమే, గిన్నె నిజమే, చిత్రమును నిజమే. దానినుండి చూపరి గ్రహించిన యర్థము మాత్రము అబద్ధము. కొత్తిమీర చల్లుట, గిన్నె అంచు తుడుచుట అలంకారము. లేనిదానిని ఉన్నట్లు చూపుట అపచారము. ఈ రెండింటి నడుమనున్న గీతను ఛాయాచిత్రకారుడు తానే గీచికొనవలెను.

జీడిపప్పు చిత్రములలో తరచుగా కనబడనిది ఇంకొకటి కలదు, అది చేయి. జీడిపిక్క పెంకులోని రసము చర్మమును పొక్కించును, నల్లబరచును. బూడిదయో నూనెయో చేతికి రాచుకొని పిక్కలు పగులగొట్టువారిలోను, పొర ఒలుచువారిలోను స్త్రీలే యెక్కువ. ఆ నల్లబడిన వ్రేళ్లనడుమ తెల్లని పప్పును తీయబూనినవానికి పైన చెప్పిన చిక్కు రెట్టింపగును. పప్పునకు తగిన వెలుతురు ఇచ్చినచో చేయి చీకటిలో కలిసిపోవును. చేతికి తగినంత ఇచ్చినచో పప్పు సున్నపుముద్దయగును. నడియెండలో ఇది సాధ్యము కాదు. ఉదయమున వసారాలోనికి వచ్చు మెత్తని వెలుగులో మాత్రమే రెండును నిలుచును. అట్టి చిత్రము తీయగలిగినవాడు పప్పునకును, పని చేసిన చేతికిని సమానముగా న్యాయము చేసినవాడగును.

ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు విస్తారముగా నేలకూలినవి. తరముల పెంపకము ఒక్క పూటలో పోయినది. కొబ్బరిచెట్టు మరల నాటినను కాపునకు ఏండ్లు పట్టును. కట్టుకొయ్యను చనిపోయిన పాడిపశువు మరల రాదు. అట్టి వేళ, అంతకుముందెన్నడో కాపుతో నిండిన తోటలో ఇంటి ఆవుతో కలిసి తీసిన పటము ఒక్కటి మిగిలినను, అది ఆ కుటుంబపు చరిత్రలో ఒక పుట.

కావున చేతిలో ఏ కెమెరా యున్నను, చేతిఫోనే యైనను, ఈ వారము ఒక్క పని చేయుడు. మీ యింటి ఆవునో, కుక్కనో దాని కన్నుల మట్టమున కూర్చుండి తీయుడు. మీ వంటింట నిత్యము వండు వంటకమునొకదానిని కిటికీ వెలుగున తీయుడు. రెండింటిని కాగితముపై అచ్చువేయించి, వెనుకవైపున తేదీని, ఊరిపేరును, ఆ జంతువు పేరును, ఆ వంట వండినవారి పేరును వ్రాసియుంచుడు. తెరపై చూచి మఱచిన చిత్రములు వేలకొలది. పేరు వ్రాసి దాచిన చిత్రము ఒక్కటియైనను మీ మనుమల చేతికి అందును.